పల్సుల లెక్క ఎక్కడ తప్పుతోంది?

కరెంటు మీటరు మీద మినుకు మినుకుమనే ఎర్ర లైటు, నీటి పైపుకు బిగించిన ఫ్లో సెన్సరు, మోటారు షాఫ్టు మీది ఎన్‌కోడరు, వర్షపాతం కొలిచే టిప్పింగ్ బకెట్ గేజి. ఇవన్నీ మైక్రోకంట్రోలర్‌తో మాట్లాడేది పల్సులతోనే. పల్సులు సరిగ్గా లెక్కపెడితే యూనిట్లు, చుట్లు, లీటర్లు, మిల్లీమీటర్లు చిన్న గుణకారంతో వచ్చేస్తాయి. అందుకే కాలేజీ ప్రాజెక్టు మొదలు ఫ్యాక్టరీ ప్యానెల్ దాకా ఈ పని పడని చోటు లేదు.

టైమర్‌ను కౌంటర్‌గా మార్చడం కష్టమేమీ కాదు. లోపలి క్లాకు బదులు బయటి పిన్ను మీది సిగ్నల్‌ను టైమర్‌కు తగిలిస్తే సరిపోతుంది. దాదాపు ప్రతి చిప్‌లోనూ అది కొద్ది బిట్ల పనే. మరి ఇన్ని ప్రాజెక్టుల్లో లెక్క ఎందుకు తేడా వస్తోంది? ఆ బిట్లు తప్పు పెట్టడం వల్ల వచ్చే తేడా తక్కువ. టైమర్‌కు ముందున్న సిగ్నల్‌నీ, టైమర్ తర్వాత లెక్కను చదివే తీరునీ పట్టించుకోకపోవడం వల్ల వచ్చేదే ఎక్కువ. ఆరు చిప్ కుటుంబాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

మూడు దారులు

మొదటి దారి పోలింగ్. ప్రోగ్రామ్ లూపులో పిన్నును మళ్లీ మళ్లీ చదువుతూ, స్థితి సున్నా నుంచి ఒకటికి మారినప్పుడల్లా ఒకటి కలుపుకోవడం. లూపులో ఇంకే పనీ లేకపోతే ఇది నడుస్తుంది. ఎల్‌సీడీ మీద నాలుగు అక్షరాలు రాయబోయినా ఆ మధ్యలో వచ్చిన పల్సులు పోయినట్టే.

రెండోది ఇంటరప్ట్. పల్సు వచ్చినప్పుడల్లా ప్రాసెసర్ చేతిలో పని ఆపి, లెక్కలో ఒకటి కలిపి, మళ్లీ పాత పనికి వెళ్తుంది. ఆర్డుయినో పట్టుకున్నవాళ్లు మొదట నేర్చుకునేది ఇదే, చాలా పనులకు ఇది చాలు కూడా. మార్కెట్లో విరివిగా దొరికే వైఎఫ్-ఎస్201 ఫ్లో సెన్సరు లీటరుకు సుమారు 450 పల్సులు ఇస్తుంది. నిమిషానికి 30 లీటర్లు పారినా సెకనుకు 225 పల్సులే. ఇంత నెమ్మది సిగ్నల్ కోసం టైమర్‌ను ఖర్చు పెట్టనక్కర్లేదు.

వేగం పెరిగాక ఇంటరప్ట్‌కు రెండు ఇబ్బందులు. ఒకటి, ప్రతి ఇంటరప్ట్‌కూ వెళ్లి రావడానికి ఆర్డుయినో ఊనోలో కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. సెకనుకు లక్ష పల్సులంటే పల్సుకు, పల్సుకు మధ్య 10 మైక్రోసెకన్లే వ్యవధి. ప్రాసెసర్ సమయంలో పెద్ద వాటా లెక్కకే పోతుంది. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే పైకి కనిపించదు. ఇంటరప్ట్ వచ్చిందని గుర్తుపెట్టుకునే ఫ్లాగ్ ఒక్కటే బిట్టు. ఇంటరప్ట్‌లు ఆపి ఉంచిన వేళ ఒక పల్సు వచ్చినా, ముప్ఫై వచ్చినా అది ఒకటిగానే గుర్తుంచుకుంటుంది. రంగురంగుల నియోపిక్సెల్ లైట్లకు డేటా పంపేటప్పుడు ఊనోలో వాటి లైబ్రరీ ఇంటరప్ట్‌లు ఆపేస్తుంది. ఒక్కో లైటుకు 24 బిట్లు, బిట్టుకు 1.25 మైక్రోసెకన్లు, అంటే లైటుకు 30 మైక్రోసెకన్లు. వంద లైట్ల పట్టీ అయితే 3 మిల్లీసెకన్లు. అదే సమయంలో 10 కిలోహెర్ట్జ్ సిగ్నల్ వస్తుంటే 30 పల్సుల్లో 29 మాయమవుతాయి. ప్రోగ్రామ్‌లో ఎక్కడా తప్పు కనిపించదు, లెక్క మాత్రం తగ్గుతుంది.

మూడో దారి హార్డ్‌వేర్ కౌంటర్. పల్సు నేరుగా టైమర్ రిజిస్టర్‌ను ఒకటి పెంచుతుంది, ప్రాసెసర్‌కు ఆ సంగతే పట్టదు. మన సమీక్ష ఇక్కణ్నుంచి దీని గురించే.

8051 నేర్పే పాఠం

ఈ ఆలోచన మైక్రోకంట్రోలర్ల పుట్టుకతోనే ఉంది. ఇంటెల్ 1976లో తెచ్చిన 8048లోనే 8 బిట్ల టైమర్‌ను ఒక పిన్ను మీది ఘటనలు లెక్కపెట్టేలా మార్చే ఆదేశం ఉంది. 1980 నాటి 8051లో అది రెండు 16 బిట్ల టైమర్లుగా ఎదిగింది. మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో టైమర్ అనగానే గుర్తొచ్చేది ఇప్పటికీ ఈ చిప్పే.

8051లో ఫ్రీక్వెన్సీ కౌంటరు ఎలా కడతారో దగ్గరగా చూద్దాం. టీమోడ్ అనే రిజిస్టర్‌లో హెక్సాలో 51 రాస్తారు. పై సగంలోని 5 వల్ల టైమర్ 1 కౌంటర్‌గా, 16 బిట్ల మోడ్‌లో పనిచేస్తుంది. పీ3.5 పిన్ను మీద సిగ్నల్ ఒకటి నుంచి సున్నాకు పడినప్పుడల్లా దాని లెక్క పెరుగుతుంది. కింది సగంలోని 1 వల్ల టైమర్ 0 మామూలు టైమర్‌గా ఉండి సెకను కొలుస్తుంది. ఒకటి లెక్క, ఇంకొకటి గడియారం.

క్రిస్టల్ 11.0592 మెగాహెర్ట్జ్‌ది అనుకుందాం. 8051 పన్నెండు క్లాకులకు ఒక మెషీన్ సైకిల్ నడుస్తుంది కాబట్టి సెకనుకు 9,21,600 సైకిళ్లు. 50 మిల్లీసెకన్లకు 46,080. దాన్ని 65,536 నుంచి తీసేస్తే 19,456, అంటే హెక్సాలో 4సీ00. టైమర్ 0ను అక్కడి నుంచి మొదలుపెడితే ఇరవై ఓవర్‌ఫ్లోలకు సరిగ్గా ఒక సెకను. ఇందులో ఒక మెళకువ ఉంది. కింది బైటు 00 కావడంతో, ఇంటరప్ట్‌లో పై బైటు ఒక్కటే మళ్లీ నింపి కింది బైటును దాని మానాన నడవనిస్తే, ఇంటరప్ట్ దగ్గరికి చేరడంలో అయిన ఆలస్యం లెక్కలోంచి పోదు, కింది బైటులోనే ఉండిపోతుంది. రెండు బైట్లూ నింపే ప్రోగ్రాముల్లో ప్రతిసారీ కొన్ని సైకిళ్లు జారిపోయి సెకను కాస్త సాగుతుంది. అదే 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ అయితే నింపాల్సిన విలువ 3సీబీ0, అప్పుడు ఈ సౌకర్యం ఉండదు.

ఈ చిప్ పరిమితి కూడా ఇక్కడే బయటపడుతుంది. 8051 బయటి పిన్నును మెషీన్ సైకిల్‌కు ఒక్కసారే చూస్తుంది. ఒక సైకిల్‌లో ఒకటి, తర్వాతి సైకిల్‌లో సున్నా కనబడితేనే దాన్ని పల్సుగా ఒప్పుకుంటుంది. అంటే ఒక్కో పల్సుకు కనీసం రెండు సైకిళ్లు, 24 క్లాకులు కావాలి. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో గరిష్ఠం 500 కిలోహెర్ట్జ్. పల్సు వెడల్పు కూడా ముఖ్యమే. సెకనుకు పది పల్సులే వస్తున్నా, ఒక్కోటీ అర మైక్రోసెకను వెడల్పే ఉంటే 8051 కంటపడకుండా దాటిపోవచ్చు. కౌంటర్ మోడ్ అంటే ప్రతి ఎడ్జ్‌నూ పట్టేస్తుందన్న భ్రమ ఇక్కడ వదులుకోవాలి. చాలా చిప్‌లలో జరిగేది శాంప్లింగే.

ఏవీఆర్, పిక్

ఊనోలోని ఏటీమెగా328పీ ఈ శాంప్లింగ్‌ను ప్రతి క్లాకుకూ చేస్తుంది. టైమర్ 1 బయటి ఇన్‌పుట్ టీ1 పిన్ను, ఊనో బోర్డు మీద అది డిజిటల్ 5. టీసీసీఆర్1బీ రిజిస్టర్ చివరి మూడు బిట్లలో 6 రాస్తే ఫాలింగ్ ఎడ్జ్, 7 రాస్తే రైజింగ్ ఎడ్జ్ లెక్కిస్తుంది. క్లాకులో 2.5వ వంతు కన్నా తక్కువలో ఉండమని డేటాషీట్ సలహా. 16 మెగాహెర్ట్జ్‌కు అది 6.4 మెగాహెర్ట్జ్. బయటి సిగ్నల్‌కు ఈ చిప్‌లో ప్రీస్కేలర్, అంటే టైమర్‌కు ముందే పల్సులను భాగించే విభాగం, లేదు.

ఊనోలో కొత్తవాళ్లు దెబ్బతినే చోటు వేరే ఉంది. మన సెటప్ ఫంక్షన్ మొదలయ్యేలోపే ఆర్డుయినో కోర్ టైమర్ 1ను పీడబ్ల్యూఎం కోసం సిద్ధం చేసి పెడుతుంది. టీసీసీఆర్1ఏను సున్నా చేయకుండా టీసీసీఆర్1బీ ఒక్కటే మారిస్తే, లెక్క 65,535 దాకా వెళ్లకుండా 255 వరకు ఎక్కి దిగుతూ ఉంటుంది. పైగా టైమర్ 1ను లెక్కకు కేటాయించాక 9, 10 పిన్నుల మీద పీడబ్ల్యూఎం ఉండదు, అదే టైమర్ మీద ఆధారపడే సర్వో లైబ్రరీతోనూ పొసగదు. రిజిస్టర్ల జోలికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లకు పాల్ స్టోఫ్రెగెన్ రాసిన ఫ్రీక్‌కౌంట్ లైబ్రరీ ఇదే పని చేసిపెడుతుంది.

మైక్రోచిప్ వారి పిక్ 16ఎఫ్877ఏ దారి వేరు. దాని టైమర్ 0కు ముందు 2 నుంచి 256 దాకా భాగించే ప్రీస్కేలర్ ఉంది, అది బయటి సిగ్నల్‌కూ వర్తిస్తుంది. ఆ ప్రీస్కేలర్ లోపలి క్లాకు కోసం ఆగదు, పల్సు వచ్చినట్టే భాగిస్తుంది. అందువల్ల 4 లేదా 20 మెగాహెర్ట్జ్ క్లాకుతో నడిచే పిక్ కూడా దాదాపు 50 మెగాహెర్ట్జ్ దాకా లెక్కించగలదని ఆ కంపెనీ పాత అప్లికేషన్ నోటు ఒకటి చూపింది. ప్రీస్కేలర్‌లో మిగిలిపోయిన లెక్కను నేరుగా చదివే వీలు లేదు కదా, దానికీ అందులో ఉపాయం ఉంది. గేటు మూశాక, అంటే లెక్కించే వ్యవధి ముగిశాక, ప్రోగ్రామ్ తానే ఒక్కో పల్సు చొప్పున పంపుతుంది. టైమర్ ఒకటి పెరిగేదాకా ఎన్ని పంపాల్సి వచ్చిందో 256 నుంచి తీసేస్తే మిగిలింది ఎంతో తేలిపోతుంది. చవక చిప్‌తో హామ్ రేడియో ఔత్సాహికులు ఫ్రీక్వెన్సీ మీటర్లు కట్టుకోవడానికి ఊతమిచ్చింది ఈ ఉపాయమే.

పిక్ టైమర్ 1లో ఇంకో గుణం ఉంది. దాన్ని ఎసింక్రనస్ మోడ్‌లో పెడితే చిప్ నిద్రపోతున్నా లెక్క ఆగదు, ఓవర్‌ఫ్లో అయినప్పుడు చిప్‌ను నిద్ర లేపగలదు కూడా. బ్యాటరీ మీద నెలల తరబడి నడవాల్సిన నీటి మీటరుకు వేగం కన్నా ఇదే విలువైనది. ఒక్క షరతు గుర్తుంచుకోవాలి. కౌంటర్‌గా ఆన్ చేశాక ముందు ఒక ఫాలింగ్ ఎడ్జ్ వస్తే గాని అది రైజింగ్ ఎడ్జ్‌లను లెక్కించడం మొదలుపెట్టదు. మొదటి పల్సు తక్కువైందేమని తలపట్టుకునేవాళ్లకు జవాబు అది.

32 బిట్ల తరం

ఎస్టీఎం32లో దారులు పెరిగాయి, దాంతోపాటు అయోమయమూ పెరిగింది. ఎక్స్‌టర్నల్ క్లాక్ మోడ్ 1లో టైమర్ మామూలు ఛానెల్ 1 లేదా 2 పిన్ను నుంచి లెక్కిస్తుంది. మోడ్ 2లో ఈటీఆర్ అనే ప్రత్యేక పిన్ను నుంచి లెక్కిస్తుంది. ఈటీఆర్‌కు 2, 4, 8తో భాగించే ప్రీస్కేలర్, డిజిటల్ ఫిల్టరు ఉన్నాయి. భాగించిన తర్వాతి సిగ్నల్ టైమర్ క్లాకులో నాలుగో వంతు మించకూడదు. బ్లూపిల్ బోర్డు మీద 72 మెగాహెర్ట్జ్‌తో నడిచే ఎఫ్103కు ఆ హద్దు 18 మెగాహెర్ట్జ్. ఎఫ్103లో టైమర్లన్నీ 16 బిట్లవే గాని, ఒక టైమర్ ఓవర్‌ఫ్లోను ఇంకో టైమర్‌కు క్లాకుగా ఇచ్చి 32 బిట్లు చేసుకోవచ్చు. ఎఫ్4లో టైమర్ 2, టైమర్ 5 సహజంగానే 32 బిట్లవి. ఎన్‌కోడర్ మోడ్ అదనపు వరం. 600 పల్సుల ఎన్‌కోడరు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే రెండు ఛానెళ్ల ఎడ్జ్‌లన్నీ కలిపి సెకనుకు 1,20,000. దిశతో సహా ఈ లెక్కంతా టైమరే చూసుకుంటుంది.

ఈఎస్‌పీ32లో మామూలు టైమర్లు బయటి పల్సులను లెక్కించవు. ఆ పని పీసీఎన్‌టీ అనే వేరే విభాగానిది. మొదటి ఈఎస్‌పీ32లో అలాంటి యూనిట్లు ఎనిమిది, ఎస్3లో నాలుగు. చవగ్గా వస్తుందని కొనే సీ3లో అసలు లేవు, బోర్డు కొనేముందే ఇది చూసుకోవాలి. లెక్క గుర్తుతో కూడిన 16 బిట్లు, అంటే ధనం వైపు 32,767 దాకానే. డీప్ స్లీప్‌లో పీసీఎన్‌టీ ఆగిపోతుంది. అప్పుడు లెక్క కావాలంటే యూఎల్‌పీ అనే చిన్న కోప్రాసెసర్‌ను ఆశ్రయించాలి.

రాస్ప్‌బెరీ పై పీకోలోని ఆర్‌పీ2040లో లెక్కించే పని పీడబ్ల్యూఎం విభాగానికి ఉంది. ఎనిమిది స్లైసులు, ఒక్కోటీ 16 బిట్లు. ఒక్కో స్లైసులోని బీ పిన్నును ఇన్‌పుట్‌గా మార్చి రైజింగ్ లేదా ఫాలింగ్ ఎడ్జ్‌ను లెక్కించమనవచ్చు. బీ పిన్నులన్నీ బేసి సంఖ్య జీపీఐఓలే కాబట్టి సరి సంఖ్య పిన్నుకు తీగ కలిపితే ఏమీ జరగదు.

లెక్కను చదవడమే అసలు పరీక్ష

అన్ని చిప్‌లలోనూ ఉమ్మడి సమస్య ఓవర్‌ఫ్లో. 16 బిట్ల కౌంటర్ 1 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌తో 65.5 మిల్లీసెకన్లకోసారి చుట్టు తిరిగి సున్నాకు వస్తుంది. ఓవర్‌ఫ్లో ఇంటరప్ట్‌లో చుట్లను లెక్కపెట్టి 65,536తో గుణించి కలుపుకోవాలన్నది అందరికీ తెలుసు. చుట్టు పూర్తయ్యే క్షణంలోనే మనం చదివితే ఏమవుతుందన్నది చాలామంది ఆలోచించరు. కౌంటర్‌లో 3 కనిపిస్తుంది, చుట్ల లెక్క ఇంకా పాతదే. ఒక్కసారిగా 65,536 తక్కువ. గంటకోసారి, రోజుకోసారి వచ్చే ఇలాంటి తేడాను పట్టుకోవడం నరకం.

దీనికి మందు సులువే. ఇంటరప్ట్‌లు కాసేపు ఆపి, కౌంటర్ చదివి, ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ చూడాలి. ఫ్లాగ్ లేచి ఉండి, చదివిన విలువ 32,768 కన్నా తక్కువైతే చుట్లకు ఒకటి కలపాలి. 8051లో రెండు బైట్లూ విడివిడిగా చదవాలి కాబట్టి పై బైటు, కింది బైటు, మళ్లీ పై బైటు చదివి, పై బైటు మారితే తిరిగి చదువుకోవాలి. ఏవీఆర్‌లో కింది బైటు చదవగానే పై బైటు ఒక తాత్కాలిక రిజిస్టర్‌లో భద్రమవుతుంది. సీ కంపైలర్ ఈ క్రమం తానే పాటిస్తుంది గాని, మధ్యలో ఇంటరప్ట్ వచ్చి అదే టైమర్‌లోని ఇంకో 16 బిట్ల రిజిస్టర్‌ను ముట్టుకుంటే ఆ తాత్కాలిక విలువ పాడవుతుంది.

చదివిన ప్రతిసారీ కౌంటర్‌ను సున్నా చేయడం ఇంకో దురలవాటు. చదవడానికీ సున్నా చేయడానికీ మధ్య వచ్చిన పల్సులు ఎవరి ఖాతాలోకీ రావు. కౌంటర్‌ను నడుస్తూ ఉండనిచ్చి, కొత్త విలువలోంచి పాత విలువ తీసేయాలి. రెండూ గుర్తులేని 16 బిట్ల సంఖ్యలుగా ఉంటే మధ్యలో ఒకసారి చుట్టు తిరిగినా తీసివేత సరిగ్గానే వస్తుంది.

పల్సులు లెక్కించాలా, కాలం కొలవాలా?

పల్సుల వేగం తెలియాలన్నప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. సెకనులో ఎన్ని పల్సులు వచ్చాయో లెక్కించడం ఒక పద్ధతి, పల్సుకు, పల్సుకు మధ్య ఎంత సమయమో కొలవడం ఇంకో పద్ధతి. మొదటి దాంట్లో ఒక పల్సు అటూ ఇటూ కావడం తప్పదు. సెకను గేటుతో 1 మెగాహెర్ట్జ్ కొలిస్తే అది పది లక్షల్లో ఒకటి, 50 హెర్ట్జ్ కొలిస్తే నూటికి రెండు. అదే 50 హెర్ట్జ్ వ్యవధిని 16 మెగాహెర్ట్జ్ క్లాకుతో కొలిస్తే 3,20,000 టిక్కులు వస్తాయి, అందులో ఒకటి తేడా అంటే లెక్కలోకి రాదు. సెకను గేటు, 16 మెగాహెర్ట్జ్ క్లాకు ఉన్నప్పుడు రెండు పద్ధతులూ సమానమయ్యేది 4 కిలోహెర్ట్జ్ దగ్గర. దానికి పైన లెక్కింపు, కింద వ్యవధి.

కరెంటు మీటరునే తీసుకుందాం. యూనిట్‌కు 3200 పల్సులంటే ఒక్కో పల్సు 1125 జౌళ్లు. ఒక కిలోవాట్ లోడు మీద 1.125 సెకన్లకు ఒక పల్సు వస్తుంది. సెకనుకోసారి లెక్కిస్తే తెర మీద 1125 వాట్లు, అప్పుడప్పుడూ సున్నా కనిపిస్తాయి. వ్యవధి కొలిస్తే 1125ను సెకన్లతో భాగించగానే నికరమైన 1000 వాట్లు వస్తాయి. లోడు తగ్గిపోతే తర్వాతి పల్సు ఎంతకీ రాదు కదా అంటే, అప్పుడూ మన దగ్గర సమాచారం ఉంది. 20 సెకన్లుగా పల్సు రాలేదంటే లోడు 56 వాట్ల పైచిలుకు దాటి ఉండదు. తెర మీద పాత అంకెను అలాగే ఉంచకుండా ఈ హద్దును చూపించాలి.

వ్యవధి కొలవడానికి ఊనోలో డిజిటల్ 8 మీదున్న ఇన్‌పుట్ క్యాప్చర్ తగినది. ఎడ్జ్ వచ్చిన క్షణంలోనే టైమర్ విలువను హార్డ్‌వేర్ భద్రం చేస్తుంది, ఇంటరప్ట్ ఆలస్యమైనా కొలత చెడదు. ఏ పద్ధతిలోనైనా మన గడియారం ఎంత నమ్మదగినదో కొలత అంతే. ఊనో ఆర్3 ప్రధాన చిప్‌కు క్లాకు ఇచ్చేది సిరామిక్ రెజొనేటరు, దాని ఖచ్చితత్వం నూటికి అర వంతు. 1 మెగాహెర్ట్జ్ దగ్గర 5000 హెర్ట్జ్ తేడా రావచ్చు. అలాంటప్పుడు తెర మీద ఏడంకెలు చూపడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

పిన్నుకు బయట

కౌంటర్ నిజాయితీపరురాలు, తనకు కనబడిన ప్రతి ఎడ్జ్‌నూ లెక్కేస్తుంది. వానగేజిలోని రీడ్ స్విచ్చి ఒక్కసారి మూసుకునేటప్పుడు కొన్నిసార్లు ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగురుళ్లన్నీ వేగంగా లెక్కించే టైమర్‌కు వానచుక్కలే. ఇంటరప్ట్ పద్ధతిలో కొన్ని మిల్లీసెకన్లు ఆగి చూసే వీలుంది, హార్డ్‌వేర్ కౌంటర్‌కు అది లేదు. ఈఎస్‌పీ32 ఫిల్టరు గరిష్ఠంగా 80 మెగాహెర్ట్జ్ క్లాకులో 1023 టిక్కులు, అంటే 12.8 మైక్రోసెకన్లే ఆపగలదు. మిల్లీసెకన్ల ఎగురుళ్లకు అది ఏ మూలకూ చాలదు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 100 నానోఫారడ్‌ల కెపాసిటరు పెట్టి, 74హెచ్‌సీ14 లాంటి ష్మిట్ ట్రిగర్ గుండా సిగ్నల్ పంపితే చాలావరకు శుభ్రపడుతుంది.

ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్ ఉన్న సెన్సరుకు, కంప్యూటర్ ఫ్యాను టాకో తీగకు పుల్అప్ రెసిస్టరు తప్పనిసరి. 5 వోల్టుల పల్సును నేరుగా 3.3 వోల్టుల ఈఎస్‌పీ32 పిన్నుకు ఇవ్వకూడదు. బోరు మోటారు స్టార్టరు పెట్టె పక్కనుంచి వచ్చే పొడవాటి తీగల్లో కాంటాక్టరు పడ్డప్పుడల్లా దొంగ పల్సులు పుడతాయి. అక్కడ ఆప్టోకప్లర్ పెట్టడం మేలు. పీసీ817 చవకే గాని పదుల కిలోహెర్ట్జ్ దగ్గరే నీరసిస్తుంది, వేగం కావాలంటే 6ఎన్137 లాంటిది వాడాలి.

ఏది ఎప్పుడు?

ఇంతా చూశాక తేలేది ఇది. సెకనుకు కొన్ని వందల పల్సుల లోపు, కరెంటుకు లోటు లేనిచోట ఇంటరప్ట్ చాలు. దానికి హార్డ్‌వేర్ కౌంటర్ పెట్టడం అనవసరం, ఎగురుళ్లున్న స్విచ్చికైతే నష్టం కూడా. పది కిలోహెర్ట్జ్ దాటినా, ప్రోగ్రామ్‌లో ఇంటరప్ట్‌లు ఆపే లైబ్రరీ ఉన్నా హార్డ్‌వేర్ కౌంటర్ తప్పదు. బ్యాటరీ పరికరమైతే వేగంతో పనిలేకుండా నిద్రలో లెక్కించగల చిప్‌నే ఎంచుకోవాలి. ఎన్‌కోడర్లకు ఎస్టీఎం32, ఈఎస్‌పీ32 పీసీఎన్‌టీ రెండూ తగినవే. నేర్చుకోవడానికి మాత్రం 8051, ఏవీఆర్‌లకు సాటి లేదు, వాటిలో దాపరికం తక్కువ.

ఏ చిప్ ఎంచుకున్నా పని అయిందనుకునేముందు ఒక పరీక్ష చేయండి. తెలిసిన సంఖ్యలో పల్సులు, ఉదాహరణకు సరిగ్గా లక్ష, ఇంకో బోర్డు నుంచి పంపండి. డిస్‌ప్లే, వైఫై, రిలేలు అన్నీ నడుస్తుండగా పంపండి. తెర మీద 1,00,000 కాకుండా ఇంకేం కనిపించినా, ఆ తేడా రిజిస్టర్‌లో కన్నా ముందు తీగలో, చదివే కోడ్‌లో వెతకండి.